డ్రిల్లు మాస్టరు గారి యోగ్యతాపత్రం

శ్రీరస్తు. ఏ కార్యానికైనా ముందుగా స్మరింపదగిన గజముఖునికీ, నా వేలు పట్టి ఇసుకలో తొలి అక్షరం దిద్దించిన గురుపాదులకూ నమస్కరించి, వికారి నామ సంవత్సర మార్గశిర శుద్ధ పంచమి నాడు కరీంనగరంలో జరిగిన ఒక సభను గురించీ, ఆ సభలో నాకు జరిగిన పరాభవాన్ని గురించీ దాచుకోకుండా విన్నవించుకుంటున్నాను.

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఫుట్‌బాల్ ఆడనివారు ఉండేవారేమో గాని, ఫుట్‌బాల్ గురించి వాదించనివారు మాత్రం లేరు. నిజాం రాజ్యం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, కచేరీల మీద పలకలు మారాయి. సాయంకాలం మైదానం గట్టున జరిగే వాదం మాత్రం మారలేదు. నేను హైస్కూలులో కొత్తగా చేరిన తెలుగు పండితుణ్ణి. వయస్సు ఇరవై మూడు (మీసం ఇంకా పీఠిక దశలోనే ఉండేది). ఫుట్‌బాల్‌తో నాకున్న సంబంధం అత్యల్పం. అదే బడిలో చదువుకునే రోజుల్లో రెండు వారాలు మైదానంలో నిలబడ్డాను. డ్రిల్లు మాస్టరు గారు మూడో వారం నన్ను పిలిచి, "నువ్వు పద్యాలు సదువుకో పో" అని పంపించివేశారు. కారణం చెప్పలేదు. అడిగే ధైర్యం నాకు లేదు.

అటువంటి నన్ను తీసుకొనిపోయి, ఊరి జట్టు గౌరవ సంఘానికి కార్యదర్శిని చేశారు. ఆటలు మానుకున్న పాతకాపులలో శ్రేష్ఠులైన ముగ్గురి పేర్లు టేకు పలక మీద రాయించి క్లబ్బు గదిలో తగిలించాలని సంకల్పం. అధ్యక్షులు వకీల్ సాబ్. "పంతులుకు ఆటంటె ఏందో తెల్వదు. గందుకే పక్షపాతం ఉండది" అని ఆయన నా యోగ్యతను సభకు వివరించారు. అందరూ సంతోషంగా ఒప్పుకున్నారు.

మొదటి రెండు స్థానాలూ ఒక్క చాయ్ తాగేలోగా తీరిపోయాయి. ఆ ఇద్దరూ కీర్తిశేషులు. పోయినవారి మీద మనవాళ్ళు వాదించరు. మూడో స్థానానికి మాత్రం పదిహేను దినాలు పట్టింది. దానికి ఇద్దరు పోటీ. ఒకరు తూఫాన్ అనే పేరుతో ప్రసిద్ధుడైన పాత సెంటర్ ఫార్వర్డు. ఇప్పుడు జమ్మికుంట పత్తి మార్కెట్లో గుమాస్తా. రెండోవాడు గోల్‌కీపరు. మగ్గం నేసుకొని బతికేవాడు. అతణ్ణి అందరూ గోడ అనే పిలిచేవారు.

వకీల్ సాబ్ తూఫాన్ పక్షం. "గోల్ కొట్టెటోడే ఆటగాడు. ఆదిలాబాదోళ్ళ మీద ఒక్క ఆటల మూడు గోల్లు కొట్టిండు తూఫాన్."

చాయ్ హోటల్ పటేల్ గోడ పక్షం. "కొట్టిండు, ఎవలు కాదన్నరు? గా దినం గోడ లేకుంటె ఆదిలాబాదోళ్ళు ఎనిమిది కొడుదురు. రెండుకు ఆపిండు. మూడు పెద్దదా, ఆరు పెద్దదా?"

"పడని గోల్‌ను ఎట్ల లెక్కవెడ్తవ్ పటేలా? ఏ కోర్టుల నిలుస్తది గది?"

అభావం కూడా ఒక పదార్థమేననీ, అది కూడా జ్ఞానానికి విషయమవుతుందనీ తర్కశాస్త్రం అంగీకరించిన సంగతిని నేను సవినయంగా ఎత్తుకున్నాను.

"పంతులూ, నువ్వు రాసుకో" అన్నారు వకీల్ సాబ్.

చివరకు ఇద్దరికీ ఆట నేర్పిన డ్రిల్లు మాస్టరు గారి అభిప్రాయం తెప్పించాలనీ, దాన్ని సభలో చదవాలనీ తీర్మానించారు. ఆయన ఉద్యోగ విరమణ చేసి ఇచ్చోడలో ఉంటున్నారు. పోవలసిందెవరు? కార్యదర్శి.

బయలుదేరే ముందు గోడ మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద ఒక కాలు మడిచి, వంగని కాలు చాచి కూర్చున్నాడు. "పంతులూ, నాకు శాలువ అక్కెర లేదు. పన్నెండేండ్లు గా సార్ కింద ఆడిన. ఒక్కనాడు శభాష్ అనలే. మా ఆడామె అడుగుతది, మగ్గం ఇడిచి బంతి ఎంబడి పోయినవు, ఏమొచ్చిందని. గీ మోకాలు చూపెడ్త. సార్ నోట ఒక్క మంచి మాట వచ్చిందని చెప్తె సాలు. కొండగట్టు అంజన్నకు మొక్కుకున్న."

ఇచ్చోడలో డ్రిల్లు మాస్టరు గారు ఇంటి ముందర మంచం మీద కూర్చొని ఉన్నారు. నన్ను తేరిపార చూశారు. "పంతులువైనవా? మంచిగైంది. మెచ్చుకునుడు నాతోని కాదు. తెలిసింది రాసిస్త" అని, పాత హాజరు పట్టీలో ఒక కాగితం చింపి, పెన్సిలుతో నాలుగు మాటలు రాసి నా చేతిలో పెట్టారు. తిరుగు బస్సులో విప్పి చదివాను. ఆ కాగితంలో ఎంత వెదికినా ప్రశంస లేదు, అన్నీ దోషాలే. (చివరన మూడో వ్యక్తిని గురించి కూడా ఒక వాక్యం ఉంది. దాని సంగతి తరువాత.)

ఇది చదివితే గోడ మొక్కు ఏమి కావాలి? కరుణ పొంగింది, అంతకన్న ఎక్కువగా, నా పాండిత్యం పొంగింది. రెండు దినాలు కూర్చొని, మాస్టరు గారు చెప్పిన దోషాలనే గుణాలుగా మలచి, సమాసభూయిష్ఠమైన గద్యం ఒకటి కూర్చాను. శుద్ధ పంచమి సాయంకాలం సభ. అభ్యర్థులిద్దరూ వచ్చారు. నేను గొంతు సవరించుకొని, మాస్టరు గారి మాటలుగా చదవడం మొదలుపెట్టాను. తూఫాన్ "పరుల సాహాయ్యమును కలలోనైన నపేక్షింపక యేకాకియై శత్రువ్యూహమును భేదించు వీరాగ్రేసరుడు" అయ్యాడు. మీసం దువ్వుకున్నాడు. గోడ "వామపార్శ్వమున ప్రళయమే సంభవించినను కన్నెత్తి చూడని స్థితప్రజ్ఞుడు" అయ్యాడు. నేను తలెత్తి, అతని కళ్ళలో ఆనందబాష్పాల కోసం చూశాను.

గోడ లేచి నిలబడ్డాడు. "గిది సార్ మాట కాదు."

"నీకు అర్థమైందా గది?" అని వకీల్ సాబ్ అడిగారు.

"కాలే. గందుకే అంటున్న. సార్ మాట నాకు అర్థం కాకుంట ఎన్నడు లేదు. పంతులూ, అసల్ కాయితం తియ్యి."

జేబులోని కాగితం తీసి, నీళ్ళు నములుతూ చదివాను. "తూఫాన్: కాళ్ళల్ల బలమున్నది. పక్కోనికి బంతి ఇయ్యడు. తక్కిన పది మంది వానికి చూసెటోళ్ళే. గోడ: ఎడమ దిక్కు చూడడు. పన్నెండేండ్లు చెప్పిన, ఇనలే. ఆదిలాబాద్ ఆటల రెండు గోల్లు ఎడమ దిక్కుకెల్లే పోయినయి. కుడి దిక్కు గురించి చెప్పవలసింది లేదు."

తూఫాన్ కండువా దులుపుకొని లేచాడు. "గింత బద్నాం చేసినంక నాకు బోర్డెందుకు? మీ బోర్డు మీరే ఉంచుకోండ్రి" అని, జమ్మికుంట బస్సు వేళయిందని వెళ్ళిపోయాడు. వకీల్ సాబ్ ఆపలేకపోయారు.

గోడ కదలలేదు. "ఆకర్కు ఏమన్నడు?"

"కుడి దిక్కు గురించి చెప్పవలసింది లేదు అన్నారు."

"మల్లొక్కసారి సదువు."

మూడుసార్లు చదివించుకున్నాడు. మూడోసారికి పటేల్ చాయ్ పోయడం మానేసి వింటున్నాడు. గోడ నెమ్మదిగా కూర్చొని, వంగని మోకాలి మీద చేయి వేసి రాసుకున్నాడు. "నా పేరు కింద గిదే రాయిండ్రి. ఎడమ దిక్కు ముచ్చట గూడ ఉండాలె. అది లేకుంటె సార్ అన్నడంటె ఎవ్వడు నమ్మడు."

"తప్పు ఎవడన్న బోర్డు మీద రాయించుకుంటడా?" అన్నారు వకీల్ సాబ్. కాని పోటీకి మరొకరు లేరు.

"మరి సార్ పేరు?" అన్నాడు గోడ.

"ఆయన బంతి తన్నంగ చూసినోడు లేడు గదవయ్యా."

"మేం తన్నినంగద, వకీల్ సాబ్."

పలక అడుగున మూడు వేళ్ళంత అంచు మిగిలి ఉంది. అక్కడ మాస్టరు గారి పేరు రాయాలని నిశ్చయించారు. కింద విశేషణం ఏమి వేయాలని నేను ఉత్సాహంగా కలం తీశాను. "ఎవ్వరిని మెచ్చుకోలే. గంతే రాయి" అన్నాడు గోడ. ఆ సభలో నా గద్యం నుండి ఒక్క అక్షరం కూడా పలకకు ఎక్కలేదు. మరునాడు ఆ గద్యం రాసిన కాగితంలోనే మిర్చీలు కట్టి ఇచ్చి, "కాయితం మంచిగున్నది పంతులూ" అని పటేల్ నన్ను ఓదార్చాడు.

ఆ చివరి వాక్యం చెబుతానన్నాను కదా. ఆ సభలో దాన్ని చదవలేదు. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు కూడా. "పంతులు: బంతి వస్తె కండ్లు మూస్తడు. గందుకే పంపిన." అంతే. నా మీద ఎన్నో సన్మానపత్రాలు రాశారు. ఒక్కదానిలోని వాక్యమూ నాకు జ్ఞాపకం లేదు. ఈ ఏడు మాటలు మాత్రం కంఠస్థం. ఇప్పటికీ నా వైపు ఏది దూసుకొచ్చినా, మనవడు విసిరిన రబ్బరు బంతి అయినా సరే, ముందు కళ్ళు మూసుకొని, తరువాత మాస్టరు గారిని తలచుకొని నవ్వుకుంటాను.

శార్వరి నామ సంవత్సర చైత్ర శుద్ధ దశమి నాడు పలకను క్లబ్బు గదిలో తగిలించాము. డ్రిల్లు మాస్టరు గారు ఇచ్చోడ నుండి వచ్చి, కళ్ళజోడు పెట్టుకొని పలకను రెండుసార్లు చదివి, "ఎడమ దిక్కు జర కిందికి దిగింది" అన్నారు. గోడ స్టూలెక్కి సరిచేశాడు.