మా నాయనమ్మ గంజి దుప్పట్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో దుప్పట్లు నిలబడేవి. అతిశయోక్తి కాదు, మా నాయనమ్మ గంజి అంత చిక్కగా పెట్టించేది. ఒకప్పుడు మాకు పెందుర్తి వైపు తోటలు, ఊళ్లో మేడ ఉండేవట. నాకు ఊహ తెలిసేసరికి పూర్ణా మార్కెట్ వెనక సందులో రెండు అద్దె గదులు, మూలన ఎర్రదారంతో ఇంటిపేరు మొదటి అక్షరం కుట్టిన నాలుగు తెల్ల దుప్పట్లు మిగిలాయి. వాటిని పెరట్లో ఆరేస్తే ఎవరికి కనబడతాయి? అందుకని వీధివైపు డాబా మీదే ఆరేయించేది. లారీల దుమ్ముకి నల్లబడేవి. ఆ నలుపు పోవడానికి ఇంకో రెండు గుప్పెళ్ల సబ్బుపొడి, తెలుపుకి నీలిమందు, ఆపైన గంజి. కుళాయి గంటసేపే వచ్చేది కాబట్టి జాడించడం మాత్రం ఒక్కసారే.

నాకు తొమ్మిదో ఏడు. మెడ వెనక, మోచేతుల మడతల్లో ఒకటే దురద. కూర్చుంటే లేవాలని, లేస్తే గోడకి వీపు రాసుకోవాలని ఉండేది. లెక్క సగంలో ఉండగానే చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయేది. "ఓలే, దీని పక్కన కూకోకండే, గజ్జి అంటుకుంతాది!" అంటూ పిల్లలు బెంచీ చివరికి జరిగిపోయారు. తగ్గేదాకా రావద్దని టీచరు ఇంటికి పంపేశారు. సంవత్సరం పరీక్షలు రెండు వారాల్లో ఉన్నాయి. రాయకపోతే అదే క్లాసు మళ్లీ చదవాలి. నాయనమ్మకి పరీక్షకన్నా గజ్జి అన్న మాటే గుచ్చుకుంది. "మన వంశంలో గజ్జేమిటే!" అని నా మీదే కోప్పడింది.

పక్కింటి అక్క ఆసుపత్రిలో నర్సు. ఆదివారం చర్చి నుంచి వస్తూ నన్ను ఆపి, జడ పక్కకి తీసి మెడ చూసింది. ఇది గజ్జి కాదంది. మా ఇంట్లోకి వచ్చి, ఉతికి మడతపెట్టిన దుప్పటి ఒకటి మామూలు నీళ్ల బకెట్లో ముంచింది. నురగ లేచింది. "సూసావా? ఇంత సబ్బులో పడుకుంతన్నావు నువ్వు," అంది. సబ్బు తగ్గించి బాగా జాడించమని, గంజీ నీలం మానమని నాయనమ్మకి చెప్పి చూసింది. దుప్పట్లు ఉతకడం మేము ఒకరి దగ్గర నేర్చుకోవలసిన గతి పట్టలేదని నాయనమ్మ వీపు నిటారుగా పెట్టి జవాబిచ్చింది. నిజం చెప్పాలంటే, ఒళ్లు గోక్కుంటూనే నేనూ నాయనమ్మ పక్షం వహించాను.

మర్నాడు అక్క మళ్లీ వచ్చి గుమ్మంలోనే నిలబడింది. "అమ్మగోరూ, మా ఇంటికి సుట్టాలొత్తన్నారండి. పరవడానికి మంచి దుప్పట్లు నేవు. మీవి నాలుగూ ఓ పది రోజులిత్తారేటి?"

మమ్మల్ని ఒకరు ఏదైనా అడిగి ఎన్నేళ్లయిందో! నాయనమ్మ ముఖం వెలిగింది. నాలుగూ తానే తీసి ఇచ్చింది. బదులేమీ ఇవ్వకుండా తీసుకెళితే వాళ్లమ్మ తిడుతుందని అక్క రెండు పాతచీరల బొంతలు నా మంచం మీద పెట్టి వెళ్లింది. రోజు విడిచి రోజు ఒక బొంత పట్టుకెళ్లి, తక్కువ సబ్బుతో ఉతికి, మూడు నాలుగు నీళ్లలో జాడించి, పెరటి ఎండలో ఆరబెట్టి తెచ్చేది.

నేను కిటికీ వదల్లేదు. చుట్టాలెవరూ రాలేదు. గంటకోసారి మెడ తడుముకునేదాన్ని. నాలుగు రోజులు ఏ మార్పూ లేదు. ఆరో రోజు ఒక లెక్క మొత్తం గోక్కోకుండా చేశాను. పదో రోజుకి చర్మం చల్లబడింది. టీచరు చూసి నా బెంచీ నాకిచ్చారు. పరీక్షలు రాశాను.

అక్క దుప్పట్లు తిరిగి తెచ్చింది. మా ఇంట్లో పెట్టే గంజికన్నా చిక్కగా పెట్టి తెచ్చింది. నాయనమ్మ మడతల మీద చెయ్యి వేసి, నా మెడవైపు చాలాసేపు చూసింది.

"మీ చుట్టాలు సుఖంగా నిద్రపోయారా అమ్మా?" అని అడిగింది.

"శానా సుఖంగా పడుకున్నారండి," అంది అక్క, నన్ను చూస్తూ.

అటుపైన ఆ దుప్పట్లు వారం వారం డాబా మీద వీధికి కనబడి, సాయంత్రానికి ట్రంకుపెట్టెలోకి వెళ్లిపోయేవి. నా బొంతలు మాత్రం నాయనమ్మే, నీళ్లు తేటపడేదాకా జాడించేది.

ఇప్పటికీ బకెట్లో నీళ్లు తేటపడనిదే నేను దుప్పటి పిండను. నాయనమ్మలాగే ఒకరి ముందు నా వీపు కూడా పెద్దగా వంగలేదు. కానీ సాయం అవసరమై కూడా తల వంచలేనివాళ్లు కనిపిస్తే, ముందు నేనే వాళ్ల గుమ్మంలో నిలబడి ఏదో ఒకటి అడుగుతాను.