నా ఎడమ చేతికి ఆ తాడు ఎవరు కట్టారు?

దయ్యాలనే మాట వింటేనే నాకు చిరాకు. మాది తోటపల్లి గూడూరు దగ్గర పల్లె. కొంత వరి పొలం, కొన్ని రొయ్యల గుంతలు ఉన్నాయి. గట్టు మీద తెల్లగా ఏదో నడిచిందని కాపలా మనుషులు చెబితే, కొంగ అయి ఉంటుంది, పోయి మేత వేయండి అని కసిరేదాన్ని. ఇప్పుడు నేనే ఇలాంటిది రాస్తున్నానని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. నాకైతే నవ్వు రావడం లేదు, ఒళ్లు మండుతోంది.

ముందు నా చెయ్యి సంగతి చెప్పాలి. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ చేసినప్పుడు ఎడమ చంకలోని గ్రంథులు కూడా తీసేశారు. కొన్నాళ్లకి ఆ చేతిలో నీరు చేరడం మొదలైంది. లింఫెడిమా అంటారు. చెయ్యి ఉబ్బి, బరువెక్కి, జాకెట్టు పట్టదు. రోజంతా బిగుతు తొడుగు వేసుకోవాలి. ఆ చేతికి సూది వద్దు, సెలైన్ వద్దు, బీపీ పట్టీ వద్దు అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. చిన్న గాటు పడినా చీము పట్టి ప్రాణం మీదికి రావచ్చు.

తెలివి ఉన్నప్పుడు నోటితో చెప్పుకుంటాం. తెలివి తప్పితే ఎవరు చెప్పాలి? అందుకే మణికట్టుకి ఎర్ర రబ్బరు బ్యాండ్ వేసుకుంటాను. ఆ మూడు ముక్కలూ దాని మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంటాయి.

బ్యాండ్ కంటే ముందు నా చేతికి తాడు ఉండేది. ఆస్పత్రిలో నా పక్క మంచం పోలమ్మక్కది. సముద్రం ఒడ్డు పాలెం మనిషి, ఎండు చేపలు అమ్మేది. ఆమెకీ ఎడమ చెయ్యే. వలలు అల్లే ఆకుపచ్చ నైలాన్ తాడు, ఆ చేతికి పొడవొద్దనే గుర్తుగా, వాపు చేతికి కట్టుకునేది, నాకూ కట్టింది. వాళ్ల పాలెంలో ఒక్కో ఇంటిది ఒక్కో ముడి. వల కొట్టుకుపోయి ఇంకెవరికైనా దొరికితే, ముడి చూసి ఫలానా ఇంటిదని తెచ్చి ఇస్తారట. “మనకి తెలివి లేకపోయినా ఇది చెప్తాది పాపా” అనేది.

చెప్పలేదు. ఒకరోజు ఆమె జ్వరంతో తెలివి తప్పితే ఏదో క్లినిక్‌కి తీసుకెళ్లారు. పాలెం మనిషి చేతికి తాడుంటే తాయెత్తే అయి ఉంటుందని వాళ్ల లెక్క. కత్తిరించి పక్కన పడేసి, ఆ చేతికే సెలైన్ పెట్టారు. చెయ్యి ఎర్రగా పొంగింది, చీము పట్టింది, మనిషి పోయింది. ఆ సూదే కారణమని ఏ డాక్టరూ రాసివ్వలేదు. నేను అంటాను. చావుకి వెళ్లొచ్చాక నా తాడు తీసి కుట్టుమిషన్ సొరుగులో పెట్టి, బ్యాండ్ చేయించుకున్నాను. అక్షరాలు ఉంటే అయినా చదువుతారు కదా అని.

పోయిన ఎండాకాలం నా ఆడబిడ్డ సుజాత కూతురికి నెల్లూరులో నిశ్చితార్థం జరిగింది. మేనమామ భార్యని కాబట్టి పిల్లకి చీర పళ్లెం అందరి ముందూ నేనే ఇవ్వాలి. సుజాతకి అదే గుబులు. పొద్దున్నే తొడుగు వద్దంది, పొడుగు చేతుల జాకెట్టు వేసుకోమంది. నాకు గాజులు తొడుగుతూ బ్యాండ్ లాగేసి తన హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది.

“ఈ ఒక్క పూటకి తీసేస్తే ఏం పోద్ది వదినా? బోదకాలు వంశమని వాళ్లు ఎనక్కి పోతే ఏం చేసేది?” అంది.

బోదకాలు వేరు, నా జబ్బు వేరు. పైగా నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని, ఆ పిల్లలో నా రక్తం ఒక్క బొట్టు కూడా లేదు. ఎంత అరిచినా సుజాత చెవికి ఎక్కలేదు. నా భర్త పక్కనే ఉండి, పోనీలే గొడవెందుకు అన్నాడు. ఆయన ఎప్పుడూ అనేది అదే. ఇంతలో కారు వచ్చింది, అందరూ తొందర పెట్టారు.

పళ్లెం ఇచ్చేదాకా ఏమీ తినకూడదన్నారు. మండపంలో ఉక్కపోత. పిల్ల చేతిలో పళ్లెం పెట్టి వెనక్కి తిరిగానో లేదో కళ్లు బైర్లు కమ్మాయి. ఆ తర్వాత జరిగినది, లేచాక ఒక్కొక్కరినీ నిలదీసి రాబట్టాను.

నన్ను పక్క వీధిలోని ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లారు. నా భర్త కౌంటర్ దగ్గర ఉండిపోయాడు. గదిలో సుజాత ఉంది, మర్యాదకి వెంట వచ్చిన పెళ్లికొడుకు తల్లి ఉంది. మంచం కుడివైపు గోడకి ఆనించి ఉండడంతో నర్సు చేతికి అందిన ఎడమ చెయ్యే పట్టుకుంది. సుజాత చూస్తూ నిలబడింది. బ్యాండ్ ఆమె భుజాన ఉన్న బ్యాగ్‌లోనే ఉంది. కాబోయే వియ్యపురాలి ముందు ఎట్టా చెప్పేది వదినా అని తర్వాత తనే ఏడ్చింది.

నేను కళ్లు తెరిచేసరికి సెలైన్ కుడి చేతికి ఉంది. ఎడమ మణికట్టుకి, గాజుల పైన, ఆకుపచ్చ నైలాన్ తాడు ఉంది.

నర్సుని అడిగాను.

“మీ అక్క చెప్పింది కదమ్మా, ఆ చేతికి పొడవొద్దని. నా చెయ్యి గట్టిగా పట్టుకునింది. తాడు కూడా ఆమే కట్టింది” అంది.

నాకు అక్కలు లేరు. ఎలా ఉందని అడిగితే, సన్నగా, నల్లగా ఉందని, ఒక చెయ్యి లావుగా ఉందని చెప్పింది. అందరూ పట్టుచీరలు కట్టుకుని ఉంటే ఈమె దగ్గర ఎండు చేపల వాసన వచ్చిందని, అందుకే గుర్తుండిపోయిందని చెప్పింది.

సుజాత గదిలో ఇంకెవరినీ చూడలేదంది. నర్సు ఉన్నట్టుండి ఆగి, మంచం జరిపి కుడి చెయ్యి అందుకుందని మాత్రం చెప్పింది. తాడు ఎప్పుడు వచ్చిందో తెలియదంది. పెళ్లికొడుకు తల్లి కూడా ఎవరినీ చూడలేదు. ఆమె నా చెయ్యి చూసి, క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత ఇలా వస్తుంది కదా అని నెమ్మదిగా అడిగింది. సంబంధం ఎక్కడికీ పోలేదు.

ఇంటికి వచ్చి ముడి చెడకుండా తాడు కత్తిరించి, సొరుగులోని పాత తాడు పక్కన పెట్టి చూశాను. రెండూ ఒకే ముడి. మా ఇంట్లో వల ముడి వేయడం వచ్చినవాళ్లు ఎవరూ లేరు. ఊరుకోలేక రెండూ తీసుకుని పాలెం వెళ్లాను. పోలమ్మక్క భర్త కొత్త తాడు ముడిని వేళ్లతో చాలాసేపు తడిమాడు.

“ఇది మా ముడేనమ్మా. కొన ఇట్టా లోపలికి దోపేది ఆమె ఒక్కతే. ఎవురు కట్టినారు?” అన్నాడు.

నర్సు చెప్పినదంతా చెప్పాను. ఆ తాడు తన దగ్గర ఉంచుకుంటానన్నాడు. ఇచ్చి వచ్చేశాను.

నర్సే ఎక్కడో చూసి కట్టి ఉంటుందని నా భర్త అంటాడు. కావచ్చు. నైలాన్ తాడు ఏ కొట్లో అయినా దొరుకుతుంది. మరి ఆ వాసన ఏంటి, లోపలికి దోపిన ఆ కొన ఏంటి? దయ్యాలు ఉన్నాయని ఇప్పటికీ నేను అనను.

కానీ పోలమ్మక్క గుర్తొస్తే ఏడుపు, కోపం కలిసి వస్తాయి. తన తాడు కోసినప్పుడు ఆమె పక్కన నిలబడి వద్దని చెప్పినవాళ్లు లేరు. నా పక్కన చెప్పాల్సినవాళ్లు ఉండి కూడా, ఆమే రావలసి వచ్చిందా? ఏం కాలేదు కదా వదినా, ఇంకా మనసులో పెట్టుకుంటావేంది అని సుజాత అడుగుతూనే ఉంది. పిల్ల పెళ్లికి పొట్టి చేతుల జాకెట్టు వేసుకుని, తొడుగుతో, బ్యాండ్‌తో, పాత తాడుతో ముందు వరసలో నిలబడ్డాను. ఎవరూ ఏమీ అనలేదు.

ఆ ముడి ఎవరు వేశారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ గదిలో నోరు మూసుకుని నిలబడింది ఎవరో మాత్రం బాగా తెలుసు.