ఆ ఆదివారం చదివింది నేను కాదు

నాకు దయ్యాలంటే నమ్మకం లేదు. మా ఆయన పోయి నాలుగేళ్లయింది. ఆయన కన్నుమూసిన గదిలోనే, అదే మంచం మీద ఒక్కదాన్నే పడుకుంటున్నాను. ఏ ఒక్క రోజూ అడుగుల చప్పుడు గానీ, పిలుపు గానీ వినిపించలేదు. నిజం చెప్పాలంటే, వినిపిస్తే బాగుండుననుకున్న రోజులున్నాయి. అలాంటిదాన్ని ఇది రాస్తున్నాను కాబట్టి జరిగింది జరిగినట్టే చెబుతాను.

మాది జగ్గయ్యపేట. నందిగామలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తున్నాను. పొద్దున బస్సెక్కితే మళ్లీ సాయంత్రమే ఇంటికి. ఆదివారాలు ఏం చేయాలో తోచక, మా ఊళ్లో వ్యాపారస్తులు ఎప్పుడో కలిసి పెట్టిన లైబ్రరీలో సభ్యురాలిగా చేరాను. కొట్ల వరస పైన, మేడ మీద మూడు గదులు. లైబ్రేరియన్ శేషగిరిరావుగారు సభ్యులందరినీ పేరుపెట్టి పలకరిస్తారు.

అక్కడ ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఒకరు పైకి చదవడం, మిగతావాళ్లు వినడం అలవాటు. చూపు మందగించిన పెద్దవాళ్ల కోసం మొదలుపెట్టారట. నేను చేరిన కొన్నాళ్లకే చదివే పని నాకొచ్చింది. అప్పటికి వినేవాళ్లు పదిమంది దాకా ఉండేవారు. ఒకరు హైదరాబాదులో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. ఇద్దరు పోయారు. కొందరు ఫోన్లలోనే కథలు వినడం మొదలుపెట్టారు. చివరికి కరీముల్లాగారు ఒక్కరే మిగిలారు.

ఆయన ముప్పై ఏళ్లు లారీ నడిపారు. షుగరు వల్ల చూపు పూర్తిగా పోయింది. భార్య లేదు. ఆయన చదువు రోడ్డు మీది బోర్డుల వరకే. పుస్తకాల్లో ఇన్ని కథలుంటాయని కళ్లు పోయాకే తెలిసిందని నవ్వేవారు. మామూలు రోజుల్లో కూడా సాయంత్రం ఆటోలో వచ్చి, కాసేపు ఊరికే కూర్చుని వెళ్లేవారు.

నిరుడు వానాకాలంలో ఒక పాత నవల మొదలుపెట్టాం. అట్ట చిరిగి, మొదటి పేజీలు ఊడి, పేరు కూడా మిగలని పుస్తకం. పడవ నడుపుకునే అన్నదమ్ములిద్దరు గొడవపడి విడిపోయిన కథ. లైబ్రరీలో ఉన్నది ఆ ఒక్క ప్రతే. పాడవకుండా నేనే ఇంట్లో పెట్టుకుని ఆదివారం తీసుకెళ్లేదాన్ని. ముందుగా చదివేదాన్ని కాదు. తర్వాత ఏమవుతుందో ఆయనతో పాటే తెలుసుకోవాలని.

ఆ ఆదివారం మా ఆఫీసు పద్మ వాళ్లింట్లో వ్రతమంటే పెనుగంచిప్రోలు వెళ్లాను. అటునుంచి అటే లైబ్రరీకి వెళ్లొచ్చని పుస్తకం సంచిలో వేసుకున్నాను. భోజనాలయ్యేసరికి కుండపోత వాన. మునేరు పోటెత్తింది. దారిలో వాగు రోడ్డెక్కిందని ఆటోలు ఆపేశారు. ఫోన్లో సిగ్నల్ లేదు. పద్మ వాళ్ల వరండాలో కూర్చుని మూడు కావడం, నాలుగు కావడం చూశాను. ఆయన ఒక్కరే కుర్చీలో ఎదురు చూస్తూ ఉంటారని మనసు పీకుతూనే ఉంది. జల్లు పడుతోందని పుస్తకం బయటికి తీయనైనా లేదు. వాగు తగ్గి ఇల్లు చేరేసరికి ఏడయింది.

మర్నాడు సాయంత్రం బస్సు దిగి నేరుగా లైబ్రరీకే వెళ్లాను. ఏమీ అనుకోవద్దని చెబుదామని నోరు తెరిచేలోపే, నా అడుగుల చప్పుడు పోల్చుకుని కరీముల్లాగారు మాట్లాడారు.

"రండమ్మా. రాత్రంతా అదే ఆలోచిస్తున్నా. ఆ తమ్ముడు అంత దూరం వచ్చి, అన్న తలుపు కొట్టకుండా ఎనక్కి పోయాడేంటండి? కొడితే తీసేవాడు. లోపల దీపం ఎలుగుతానే ఉందిగా."

నాకు అర్థం కాలేదు. నేను చదివినంతవరకు తమ్ముడు ఇంకా పరాయి ఊళ్లోనే ఉన్నాడు.

"ఎప్పుడు పోయాడండి?" అన్నాను.

"అదేంటమ్మా, నిన్న మీరేగా చదివింది!"

నిన్నటి నుంచీ సంచిలోనే ఉన్న పుస్తకం తీశాను. కిందటి ఆదివారం ఆపిన చోట పెట్టిన బస్సు టిక్కెట్టు అక్కడే ఉంది. నిలబడే చదివాను. నాలుగు పేజీల తర్వాత తమ్ముడు అన్న ఇంటికి వస్తాడు. లోపల దీపం వెలుగుతుంటుంది. తలుపు దాకా వెళ్లి, చెయ్యెత్తి, మళ్లీ దించుకుని వెళ్లిపోతాడు.

పుస్తకం మూసి శేషగిరిరావుగారి బల్ల దగ్గరికి వెళ్లి అడిగాను.

"కరెంటు పోతే ఇన్వర్టరు సంగతేంటో చూద్దామని కిందికెళ్లానండి. వచ్చేసరికి లోపల మీరు చదువుతున్నారు. ఇంత వానలో ఎట్టా వచ్చారా అనుకున్నా. మధ్యలో కదిలించడం ఎందుకని లోపలికి రాలా, మళ్లీ ఇన్వర్టరు దగ్గరికే పోయా. తిరిగొచ్చేసరికి ఇద్దరూ వెళ్లిపోయారు. మీ గొంతు నాకు తెలీదా?" అన్నారు.

అంటే ఆయన నన్ను చూడలేదు. సభ్యులు సంతకం పెట్టే రిజిస్టరు తీయించాను. ఆ రోజు నా సంతకం లేదు. ఇంకెవరో వచ్చి చదివారనుకుందామంటే పుస్తకం నా సంచిలో ఉంది. ఆ నవల తాను ఎన్నడూ తెరవలేదని శేషగిరిరావుగారు అన్నారు.

దాచడం ఇష్టం లేక కరీముల్లాగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "నిన్న నేను రాలేదండి. పెనుగంచిప్రోలులో చిక్కుకుపోయాను."

ఆయన ఎడమ మోచెయ్యి తడుముకున్నారు.

"మరి నా చెయ్యి పట్టుకుని మెట్లు దింపిందెవరమ్మా? ఎప్పటిలాగానే, ఇంకొక్క మెట్టుంది, చూసుకోండి అన్నారుగా."

ప్రతి ఆదివారం ఆయన్ని కిందికి దించేటప్పుడు చివర్లో నేను అనే మాటే అది. శేషగిరిరావుగారు అటు తిరిగి బల్ల మీద కాగితాలు సర్దడం మొదలుపెట్టారు.

కాసేపటికి కరీముల్లాగారే అన్నారు. "పోన్లెండి. ఎవరైతే ఏం. నన్ను ఒక్కణ్ణే వదిలెయ్యలా."

తర్వాత ఆ నవల పూర్తిచేశాం. ఇప్పుడు ఇంకొకటి చదువుతున్నాను. ఆ రోజు సంగతి మేము ముగ్గురం మళ్లీ ఎత్తలేదు. ఎన్ని రకాలుగా ఆలోచించినా అది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒక్క మాట మాత్రం వాళ్లకి చెప్పలేదు. మా ఆయన పోయాక, నేను రాకపోతే లోటు తెలిసే చోటు ఈ ఊళ్లో ఆ లైబ్రరీ ఒక్కటే అనుకునేదాన్ని. ఆ ఆదివారం నేను రాలేదని అక్కడ ఎవరికీ తెలియలేదు.