బస్సు మెట్టు మీద నవ్వు

తొంభైల్లో ఓ మధ్యాహ్నం శ్రీకాళహస్తిలో మా తిరుపతి బస్సు ఎక్కబోయిన ఓ ముసలాయన, మెట్టు మీద కాలు తడబడి కిందపడ్డాడు. పంచె జారిపోయింది. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆయన్ని లేపిన కొడుకు అదే మెట్టెక్కి, అచ్చం అలాగే, ఇంకా ఘోరంగా వెల్లకిలా పడ్డాడు. నవ్వంతా అతని మీదికి మళ్లింది. ఈలోగా ముసలాయన పంచె సర్దుకుని, ఎవరి కంటా పడకుండా సీట్లో కూర్చున్నాడు.

నా పక్కకొచ్చి నిలబడ్డ కొడుకు మోచేయి నెత్తురోడుతోంది.

"కావాలనే పడినావా అప్పా?" అన్నాను.

"మా నాయన్ను సూసి నవ్వితే ఓర్సుకోలేనన్నా. నన్ను సూసి నవ్వితే నవ్వుకోనీ."

కొన్నేళ్లకు అతను పేరున్న హాస్యనటుడయ్యాడు. అతను పడటం చూడ్డానికే జనం సినిమాలకు వచ్చేవారు. ఓ రోజు తెర మీద అతను వెల్లకిలా పడగానే హాలంతా విరగబడి నవ్వింది. నేను మాత్రం అతని వెనకాల పంచె సర్దుకుంటున్న మనిషి కోసం వెతికాను.