రెండంగుళాలు వదిలి కొన్న సైకిలు

పాతికేళ్ళు తొక్కాడు, అంగుళం ముందుకి కదల్లేదు. కుట్టుమిషను గుణమే అంత. ఆ తర్వాత దానికి మోటారు పెట్టించాడు. దాంతో కాలు కదిలే ఆ కాస్త పనీ తప్పింది.

వీధిలో అతన్ని రెండంగుళాల మాస్టారు అంటారు. బడి యూనిఫారాలు కుట్టడం అతని పని. పిల్లలు పెరుగుతారు, బట్ట పెరగదు. అందుకని ప్రతి లాగుకీ, ప్రతి చొక్కాకీ రెండంగుళాలు వదిలి కుడతాడు. టేపు ఇరవై నాలుగు చూపిస్తే నోరు ఇరవై ఆరంటుంది. మధ్యలో బుర్ర జోక్యం చేసుకోదు. ఆ చుట్టుపక్కల పిల్లలు బడి తెరిచిన రోజు గుడారాలు తొడుక్కున్నట్టు వెళతారు. చొక్కా ఒంటికి సరిపోయే నాటికి మోచెయ్యి దగ్గర చిరుగుతుంది. అయినా తల్లిదండ్రులు అతన్ని మెచ్చుకుంటారు. పిల్లలనడిగి ఎవరు కుట్టిస్తారు గనక!

అతని కథ అలా సాఫీగా నడుస్తుండగా డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి కళ్ళజోడు తీసింది.

"మూడు నెలలు టైమిస్తున్నా మాస్టారూ. రోజూ అరగంట ఒళ్ళు కదిలించండి. షుగరు దిగితే సరే. దిగకపోతే రోజూ పొట్టకి సూదే."

"సూదా?" అన్నాడు మాస్టారు. రోజుకి పదివేలసార్లు బట్టలో సూది దింపే మనిషికి, తన ఒంట్లో దిగే సూదంటే పైప్రాణాలు పైనే పోతాయి. "నేను రోజంతా మిషను తొక్కుతూనే ఉంటానండీ."

"దానికి మోటారు పెట్టించి ఆరేళ్ళయిందట. మీ ఆవిడ చెప్పింది. హాయిగా నడవండి."

నడవడమనేది మాస్టారి దృష్టిలో పింఛను పుచ్చుకునేవాళ్ళ ఉద్యోగం. ఎక్కడికీ పోకుండా నడిచి, మళ్ళీ అక్కణ్ణుంచి వెనక్కి నడవడం! ఇంటికొచ్చి ప్రకటించాడు, "సైకిలు కొంటున్నా."

"నడిస్తే ఎవరూ డబ్బులడగరుగా?" అంది భార్య, గుండీలు కుడుతూ తలెత్తకుండానే. ఆవిడ అతనికంటే నాలుగు వేళ్ళు పొడుగు. పెళ్ళి ఫొటోలో ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ఇతన్ని పక్కన నిలబెట్టిన ఫొటోగ్రాఫరు లోకం తెలిసినవాడు.

సైకిళ్ళ కొట్టు యజమాని బొజ్జ చూస్తే, ఆయన తన సరుకు ఎన్నడూ వాడిన పాపాన పోలేదని తెలుస్తుంది.

"రేసు సైకిలైతే వంగి తొక్కాలి, మీ నడుము ఊరుకోదు. కొండలెక్కే సైకిలు బరువు, మీ మోకాలు ఊరుకోదు. మీలాంటివాళ్ళ కోసమే హైబ్రిడ్ అని ఉంది. రెండిటికీ మధ్య రకం."

"అంటే టెర్రీకాటనన్నమాట."

"అదే అనుకోండి. ఇదిగో, ఇరవయ్యొక్క గేర్లు."

"మా వీధి చివర ఉన్నదే ఒక్క ఎత్తు. మిగతా ఇరవై గేర్లూ ఏం చేసుకోను? మడిచి బీరువాలో పెట్టుకోనా?"

"పోనీ ఏడు గేర్లది. ముందు చక్రానికి స్ప్రింగులున్నది తీసుకోండి, మెత్తగా ఉంటుంది."

"చవకరకం స్ప్రింగు మెత్తదనం నాకు తెలుసయ్యా. మా ఇంట్లో పరుపుంది."

ఇంతవరకూ మాస్టారు బేరంలో పులి. స్ప్రింగులొద్దన్నాడు, మామూలు బ్రేకులు చాలన్నాడు, టైరు మరీ సన్నం కాకుండా మరీ లావు కాకుండా ఉండేది ఎంచుకున్నాడు. కిందటేడాది మోడలైతే ధర తగ్గుతుందని తెలుసుకుని దాన్నే ఖాయం చేశాడు. చదువుకున్నవాళ్ళు నెల్లాళ్ళు ఫోన్లో వెతికి కూడా తేల్చుకోలేని సంగతి పావుగంటలో తేల్చేశాడు.

"ఆ సరుకు గోడౌన్లో ఉంది. సైజు చెప్తే రేపు తెప్పిస్తా. తగ్గింపు ధర కాబట్టి తిరిగి తీసుకోం. ఇదిగో, ఇది మీడియం. ఒకసారి రెండు కాళ్ళూ కింద ఆనించి నిలబడి చూడండి, మధ్య కడ్డీకీ మీకూ రెండు వేళ్ళ సందుండాలి."

మాస్టారి మొహం ఎర్రబడింది. "నాకు ట్రయల్ చూపిస్తావా? నా కొట్లో ట్రయల్ గదే లేదు, తెలుసా?"

మెడలోంచి టేపు తీశాడు. కాలు లోపలివైపు తానే కొలుచుకున్నాడు. టేపు ఇరవై ఎనిమిది చూపించింది.

"ముప్ఫై," అంది నోరు.

ముప్ఫైకి మీడియం. ఇరవై ఎనిమిదికైతే స్మాలు. నలభై తొమ్మిదేళ్ళ మనిషి, పెరిగే వయసుకని రెండంగుళాలు వదిలి, బూడిదరంగు సైకిలుకి డబ్బు కట్టేశాడు.

సైకిలు ఇంటికొచ్చిన మర్నాడు తెల్లవారుతూనే చెత్తకుండీ పక్కన దాన్నెక్కాడు. సీటు అడుగంటా దించినా కడ్డీ ఎక్కడికి పోతుంది? ఆగబోయి కాలు దించాడు. కాలు నేల దాకా వెళ్ళలేదు, కడ్డీ మాత్రం చేరాల్సిన చోటికి చేరింది. మాస్టారు చెత్తకుండీని కావిలించుకుని కాసేపు ఆకాశం చూశాడు. అప్పుడు తట్టింది, ఏం జరిగిందో.

ఇప్పుడేం చెయ్యాలి? కొలత తప్పానని కొట్లో చెప్పడమా? దానికంటే సూదే నయం. ఇంట్లో చెప్పడమా? దానికంటే కొట్లో చెప్పడమే నయం. కాబట్టి రోజూ తెల్లవారగానే సైకిలు తీసి, వీధి మలుపు దాకా ఠీవిగా తోసుకెళ్ళి, అక్కణ్ణుంచి కూడా తోసుకెళ్ళి, అరగంటా దాన్ని షికారు తిప్పి తెచ్చేవాడు.

"పంక్చరా మాస్టారూ?" అనేవాళ్ళు ఎదురైనవాళ్ళు.

"ఆఁ, పంక్చరే."

మూడు నెలల్లో ఆ కంపెనీ పరువు ఆ పేటలో గంగలో కలిసింది. రంగురంగుల బిగుతు దుస్తుల్లో ఖరీదైన సైకిళ్ళమీద పోయే పెద్దమనుషులు ఆగి, గాలిపంపు ఇవ్వబోయేవాళ్ళు. వాళ్ళ బట్టలు చూస్తే మాస్టారికి కడుపు మండేది. ఒక్క అంగుళం వదల్లేదు, ఎవడు కుట్టాడో!

గడువు రోజున డాక్టరమ్మ కాగితం విప్పుతుంటే అతని చెయ్యి పొట్టమీదికి పోయింది.

"దిగిందండీ! సూది అక్కర్లేదు. మంచి సైకిలే కొన్నట్టున్నారు. ఇలాగే సాగించండి. మానేస్తే మాత్రం మళ్ళీ సూదే."

భార్య పక్కనే ఉంది. ఇంటి గుమ్మం ముందుకొచ్చాక అంది, "మూడు నెలలు తొక్కిన మనిషి పంట్లాం అంచుకి ఒక్క గ్రీజు మరకైనా అంటదా? ఆ అంచులు కుట్టేదీ ఉతికేదీ నేనేనండీ."

మాస్టారు చెప్పులవైపు చూశాడు. అరిగింది టైర్లు కాదు, అవి.

"ఎంత వదిలారు?"

"రెండే."

ఆవిడ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. గోడకానించిన సైకిలు తీసి, కాలు అవతలికి వేసి నిలబడింది. రెండు పాదాలూ నేలకి ఆనాయి. కడ్డీకీ ఆవిడకీ మధ్య రెండు వేళ్ళ సందు! సీటు కాస్త పైకి లాగి, బెల్లు కొట్టి, వీధి చివర ఎత్తు దాకా తొక్కుకుంటూ వెళ్ళి తిరిగొచ్చింది. చిన్నప్పుడు అన్నయ్యల సైకిలు దొంగతనంగా తొక్కేదాన్నని ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు. ఇతను అడిగిందీ లేదు.

"భలే కొలతండీ మీది," అంది. "రేపట్నుంచి నేను తొక్కుతా. మీరు పక్కన నడవండి."

"వట్టి చేతులతోనా? ఎవరైనా చూస్తే ఏమంటారే?"

"పంక్చరని చెప్పండి."