మట్టికుప్పలు ఊడ్చిన జియాలజీ మేడం

జియాలజీ చదివినవాళ్ళకి తెనాలిలో పుట్టడం ఒక శిక్ష అని ఆ రోజుల్లో గట్టిగా నమ్మేదాన్ని. ఎంత తవ్వినా మట్టే తప్ప రాయన్నది తగలని ఊరు మాది. చేతికి రాయి కావాలంటే రైలు పట్టాల దగ్గరికి వెళ్ళాలి (ఆ కంకరైనా ఎక్కడినుంచో వ్యాగన్లలో వచ్చిందే). మా పిన్ని కనిపించినప్పుడల్లా "రాళ్ళు లేని ఊళ్ళో రాళ్ళ చదువేంటే, ఎవరికి చెప్తావు?" అని అడిగేది. చెప్పడానికి నాకు రేపల్లె దొరికింది. అక్కడ ఒక డిగ్రీ కాలేజీలో గెస్టు లెక్చరరుగా చేరి, రోజూ పొద్దున్నే రాళ్ళ సంచీ ఒళ్ళో పెట్టుకుని రైల్లో వెళ్ళేదాన్ని.

రెండో ఏడాది ప్రిన్సిపాల్ గారు పిలిచి, "పదిమందన్నా చేరకపోతే సెక్షను తీసేస్తారమ్మా. ఇక మీ ఉద్యోగం నా చేతుల్లో ఉండదు" అన్నారు. అప్పటికి వచ్చిన దరఖాస్తులు నాలుగు. ఇంటర్ పాసైన పిల్లల్ని పెద్దవాళ్ళతో సహా ఒకరోజు కాలేజీకి రమ్మని పిలిచాం. ఆ రోజు మొదటి రైలుకే వెళ్ళి, వరండాలో బల్ల వేసి, రాళ్ళన్నీ తుడిచి వరసగా పేర్చాను. తీరా చూస్తే ఎదురుగా మంచినీళ్ళ కోసం చేతిబోరు వేస్తున్నారు. మేస్త్రీ, పనివాళ్ళు టిఫినుకు వెళ్ళారు. నేల మీద మాత్రం నల్లవీ పచ్చవీ మట్టికుప్పలు బారుగా ఉన్నాయి. వచ్చేవాళ్ళు చూస్తే ఏం బాగుంటుందని చీపురు పట్టుకుని అన్నిటినీ ఒక మూలకి ఊడ్చేశాను. కల్లాపి చల్లి ముగ్గు కూడా పెట్టాను (ముగ్గు బాగానే కుదిరింది).

మేస్త్రీ తిరిగి వచ్చి ఆ ముగ్గు వంకా నా వంకా చూశాడు. "ఇక్కడ కుప్పలుండాలండి" అన్నాడు. నేనే తీసేశానని కాస్త గర్వంగానే చెప్పాను. "పదడుగులకో కుప్ప పెట్టుకుంటామండి. మంచి ఇసక ఎన్నో అడుగులో తగిలిందో చూసుకుని అక్కడ నీళ్ళు వడకట్టే ఫిల్టరు పైపు దించాలి. పైన దించితే ఉప్పునీళ్ళొస్తాయండి" అని, "తమరేం చెప్తారండి ఇక్కడ?" అని అడిగాడు. భూమి పొరల గురించండి అన్నాను. పాపం మర్యాదస్తుడు, కండువా నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగాడు.

అంతలో అతని కూతురు వచ్చింది. ఇంటర్ అయిపోయింది, బాపట్లలో కంప్యూటర్ల డిగ్రీలో చేరబోతోందట. సంగతి విని మూలనున్న మట్టి దగ్గర గొంతుక్కూర్చుని ఒక్కో ముద్దా తీసి వేళ్ళ మధ్య నలుపుతూ, "నాన్నా, ఈ గుల్లలున్న ఇసక నల్లమట్టి కిందదేగా?" అంటూ మళ్ళీ వరస పెట్టసాగింది. నేనూ చీర కుచ్చిళ్ళు ఎగదోపి పక్కన కూర్చున్నాను. "మేడం, సముద్రం అంత దూరాన ఉంటే ఈ గుల్లలిక్కడికెలా వచ్చాయండి?" అందా పిల్ల. ఒకప్పుడు సముద్రం ఇక్కడే ఉండేదనీ, కృష్ణ తెచ్చిన మట్టే దాన్ని వెనక్కి నెట్టిందనీ, మనం నిలబడ్డ నేల అలా పుట్టిందేననీ చెప్పాను. చెబుతుంటే నాకే ఒళ్ళు జలదరించింది. ఇన్నాళ్ళూ రాళ్ళు లేవని ఏడ్చానే గాని ఈ మట్టిని ఏనాడైనా పట్టి చూశానా? తలెత్తేసరికి వచ్చినవాళ్ళంతా మా చుట్టూ మూగి ఉన్నారు. బల్ల దగ్గర ఎవరూ లేరు. ప్రశ్న మీద ప్రశ్న. తెలిసినవి చెప్పాను, తెలియనివి తెలియదన్నాను.

సాయంత్రానికి దరఖాస్తులు తొమ్మిదయ్యాయి. పదోది ఆ పిల్ల అడిగింది. మేస్త్రీ కలం పట్టుకుని, "ఇది చదివితే ఉద్యోగమొస్తుందాండి?" అన్నాడు. వస్తుందంటే సంతకం పెట్టేస్తాడు. "నాకే ఇంకా సరైనది రాలేదండి. మీ అమ్మాయి చేరకపోతే ఉన్నదీ పోతుంది" అన్నాను. అతను కూతురి వంక చూసి, "నిజం చెప్పే మనిషి దగ్గర చదువుకో" అని సంతకం పెట్టాడు.

ఆ ఏడు సెక్షను నిలిచింది. ఇప్పుడు నాది పర్మనెంటు ఉద్యోగం. ఏటా వేసవిలో తల్లిదండ్రులు అదే ప్రశ్న అడుగుతారు, నేను రంగుల కరపత్రం చేతికిచ్చి ఉద్యోగాల జాబితా గడగడా చదివేస్తాను. వాళ్ళు తలాడిస్తారు, ఆలోచించుకుని చెప్తామండి అంటారు. ఆ మేస్త్రీ అయినా ఇప్పటి నన్ను చూస్తే సంతకం పెట్టకుండా అదే మాట అనేవాడేమో.