ఎనిమిది ముక్కల మాట

అమీర్‌పేటలో ఫ్రెంచి నేర్చుకున్న నాలుగు నెలల్లో నన్ను బాగా ఏడిపించింది ఒకే ఒక్క మాట: అంతర్జాతీయీకరణ. తెలుగులోనే నోరు తిరగదు. ఫ్రెంచిలో అయితే ఎఁ-తెర్-నా-స్యొ-నా-లి-జా-స్యోఁ. బళ్లో ఒక్కసారి కూడా రాయని అరసున్నాను అప్పుడు నోట్‌బుక్‌లోకి తెచ్చుకున్నాను. ముక్కులోంచి పోవాల్సిన గాలికి అంతకంటే మంచి గుర్తు దొరకలేదు.

"ఎనిమిది ముక్కలమ్మా, ఎనిమిదీ ఒకే బరువు. ఇంగ్లిష్‌లోలాగా మధ్యలో నొక్కకండి. చివరిది కాస్త సాగితే చాలు," అనేవారు మా సారు. నేను నాలుగో ముక్కను మింగేసి ఐదో దాని మీద పడేదాన్ని. నాకు అన్నిటికీ తొందరే.

వదిలేద్దామంటే కుదరదు. ఇంటర్వ్యూలో మనల్ని మనం పరిచయం చేసుకోవడానికి ఒక కాగితం ఉండేది. కోచింగ్ సెంటర్ కింద జిరాక్స్ షాపులో అడిగితే ఇచ్చేవాళ్లు. పేరూ ఊరూ మార్చుకుని అందరం అదే బట్టీ పట్టేవాళ్లం. దాని రెండో వాక్యంలోనే ఉంది ఈ మాట. పంజాగుట్టలో ఫ్రెంచి వచ్చినవాళ్లను తీసుకునే ఒక ఆఫీసులో రెండుసార్లు అక్కడే తడబడి వెనక్కి వచ్చాను. ఈసారీ పోతే సామాను సర్దుకుని ఇంటికి వచ్చెయ్యమన్నారు నాన్న. తలుచుకుంటేనే సిగ్గేసేది.

మూడో ఇంటర్వ్యూ రోజు పొద్దున్న మధురానగర్ హాస్టల్ గదిలో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాను. రూమ్మేట్‌కి విసుగొచ్చింది.

"జర కూసోవే. నువ్వు గట్ల తిరుగుతుంటే నాకు సుత టెన్షన్ అయితుంది."

కూర్చోలేదు. మెట్రోలో ఒక్కచోట నిలబడటం కూడా నావల్ల కాదనిపించి పంజాగుట్ట దాకా నడిచాను. ఫ్లైఓవర్ కింద ఒకాయన నన్ను చూసి పక్కకు తప్పుకున్నాడు. గొంతులో ఫ్రెంచి 'ర్'ను గరగరలాడిస్తుంటే పిచ్చిదనుకుని ఉంటాడు.

ఆఫీసులో ఇంటర్వ్యూ చెయ్యడానికి ఒక పెద్దావిడ కూర్చుని ఉన్నారు. మొదలుపెట్టాను. మాట వచ్చేసింది. ఎనిమిది ముక్కలూ ఒకే బరువుతో, చివరిది చక్కగా ముక్కులోంచి. ఎంత సంతోషమేసిందంటే ఇంకోసారి అందామనుకున్నాను. ఊపిరి పీల్చుకునేలోపు నా మూడో వాక్యం ఆవిడే చెప్పేశారు. నాలుగోదీ చెప్పేశారు, అక్షరం పొల్లు పోకుండా.

"పొద్దుట్నుంచి ఇదే వింటున్నానమ్మా," అన్నారు తెలుగులో, కోపమేమీ లేకుండానే. తర్వాత ఫ్రెంచిలో, చిన్నపిల్లతో మాట్లాడినట్టు నెమ్మదిగా, పొద్దున ఏం తిన్నావని అడిగారు.

నేను ఏమీ తినలేదు. అంత చిన్న సంగతి ఫ్రెంచిలో చెప్పడం నాకు రాలేదు.